ఫలితం తెలియని వేళ హనుమంతుడు చూపిన దారి

(ఆలయ ప్రాంగణంలో శనివారం సాయంకాలం చేసిన ప్రసంగ పాఠం)



గోత్రనామాలు చెప్పించుకొని అర్చన జరిపించుకొనే భక్తుల సంకల్పాలను గమనిస్తే ఒక విషయం తెలుస్తుంది. వివాహం, సంతానం, ఆరోగ్యం అనే కోరికల సరసన నేడు ఉద్యోగప్రాప్తి చేరినది. ఇట్లు కోరేవారిలో కొందరు ఇంకా దరఖాస్తు చేయనివారు. మరికొందరి స్థితి వేరు. వారు చదివినారు, పరీక్ష వ్రాసినారు, ఇంటర్వ్యూకు వెళ్ళి వచ్చినారు. జవాబు మాత్రం రావలసియున్నది. అది రేపు రావచ్చును, నెల తరువాత రావచ్చును, ఒక్కొక్కప్పుడు రాకనే పోవచ్చును. ఈ నడిమి కాలంలో మనిషి పడే వేదనను గూర్చి మాట్లాడవలెనని ఆలయ నిర్వాహకులు నన్ను ఆదేశించినారు.

నేను పౌరాణికుడను కాను. ఉద్యోగ విరమణ చేసినవాడను. ఉద్యోగ జీవితపు చివరి సంవత్సరాలలో ఎంపిక మండలి సభ్యునిగా కూర్చొని, ఎదుటి కుర్చీలోని పిల్లలను ప్రశ్నలడిగినవాడను. ప్రతిదినం సుందరకాండలో ఒక సర్గ చదువుకొనే అలవాటు కూడ ఉన్నది. ఈ రెండింటి వలన నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఉద్యోగం కొరకు సుందరకాండ పారాయణ చేయడం మన తెలుగు ఇళ్ళలో ఆనవాయితీ. తల్లి చదువుతుంది, కుమారుడు కొబ్బరికాయ కొట్టి నమస్కరిస్తాడు. మంచిదే. కాని పారాయణ చేసేవారు పదమూడవ సర్గ వద్దకు వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగవలెనని నా విన్నపం. ఎందుకనగా ఇంటర్వ్యూ ఇచ్చి జవాబు కొరకు వేచియున్నవాని మనఃస్థితి అంతయు ఆ సర్గలో హనుమంతునికే కలిగినది.

నూరు యోజనాల సముద్రం దాటి వచ్చిన హనుమంతుడు ఆ రాత్రి లంక అంతా వెదకినాడు. వీథులు వెదకినాడు, రాక్షసుల గృహాలు వెదకినాడు, రావణుని అంతఃపురం వెదకినాడు. సీతమ్మ కనబడలేదు. అప్పుడు ఆయన ఆలోచన ఎట్లు సాగినదో గమనించండి. సీత కనబడలేదని నేను వెళ్ళి చెబితే రాముడు జీవించడు. రాముడు లేకపోతే లక్ష్మణుడు ఉండడు. వారిద్దరి వార్త విని భరతుడు, శత్రుఘ్నుడు ప్రాణాలు విడుస్తారు. కుమారులు పోయిన తల్లులు బ్రతుకరు. ఇచ్చట సుగ్రీవుడు పోతాడు, అతని వెంట రుమ, తార, అంగదుడు, వానరకులం అంతా పోతుంది. కనుక నేను తిరిగి వెళ్ళను. ఇక్కడనే వానప్రస్థునివలె ఉండిపోతాను, లేకున్న అగ్నిలో ప్రవేశిస్తాను. ఇదీ ఆయన ఆలోచన.

అయ్యా, ఆ క్షణాన హనుమంతునికి నిశ్చయంగా తెలిసినది ఎంత? ఒక్కటే. వెదకిన చోట్లలో సీత లేదు. అంతే. మిగిలినదంతా మనస్సు కట్టిన కట్టడం. కిష్కింధ నాశనం, అయోధ్య నాశనం, తన మరణం, ఇవన్నీ ఆ ఒక్క చిన్న సత్యం పైన నిలబెట్టిన మేడలు. అదే సమయంలో సీతమ్మ ప్రాణాలతోనే ఉన్నది. ఆ నగరంలోనే ఉన్నది.

జవాబు రాని ఇంటిలో జరిగేది ఇదే. తెలిసినది ఒక్కటే: ఫోను రాలేదు. దాని పైన మనస్సు మేడలు కడుతుంది. రాలేదంటే ఎంపిక కాలేదు. ఎంపిక కాలేదంటే నాకు అర్హత లేదు. అర్హత లేదంటే మరి ఎక్కడా రాదు. నాన్నగారి అప్పు తీరదు, చెల్లెలి పెండ్లి జరుగదు, బంధువుల ఎదుట తల ఎత్తలేము. ఇంతటి బలవంతుడు, ఇంతటి బుద్ధిమంతుడు అయిన ఆంజనేయునికే ఇట్టి ఊహ కలిగినదంటే, మన పిల్లలకు కలగడం బలహీనత అనిపించుకోదు. అందుచేత వారిని తిట్టవలసిన పని లేదు.

హనుమంతుడు ఆ ఊహ నుండి ఎట్లు బయటపడినాడు? రెండు మెట్లు. మరణించడంలో దోషాలు అనేకం ఉన్నవి, బ్రతికియున్నవానికే శుభం కలుగుతుంది అని మొదట నిశ్చయించుకొన్నాడు. తరువాత కన్నెత్తి చూచినాడు. పెద్ద చెట్లతో నిండిన అశోకవనం కనబడినది. ఈ తోటను నేను ఇంకా వెదకలేదే అనుకొన్నాడు. రామలక్ష్మణులకు, సీతమ్మకు, దేవతలకు నమస్కరించి అటు కదలినాడు. ఆయనకు అప్పటికి ఫలితం తెలియలేదు. సీత అక్కడ ఉన్నదని ఎవరూ చెప్పలేదు. తెలిసినది మిగిలియున్న పని మాత్రమే. ఆ పని వైపు కదలడంతోనే ఊహల మేడ కూలిపోయినది.

ఈనాడు నేను చెప్పదలచినది ఇదొక్కటే. ఫలితం తెలియని వేళ మనస్సుకు ధైర్యం చెప్పడం కంటె, ఇంకా వెదకని తోట ఏది అని అడగడం మేలు.

ఇప్పుడు ఎంపిక మండలిలో కూర్చున్నవానిగా కొంచెం చెబుతాను. అభ్యర్థి తలుపు దాటి వెళ్ళిన తరువాత లోపల ఏమి జరుగుతుందో బయటివారికి తెలియదు. తెలియనందువలన మౌనానికంతకూ ఒకటే అర్థం చెప్పుకొంటారు. వాస్తవంలో ఆలస్యానికి కారణాలు అనేకం. చివరి అభ్యర్థి వచ్చిపోయే వరకు మొదటి అభ్యర్థి సంగతి తేలదు. సభ్యులు వేసిన మార్కులు క్రోడీకరించవలెను. ప్రభుత్వ నియామకాలలో వ్రాతపరీక్ష మార్కులు కలపవలెను, రిజర్వేషన్ల క్రమం సరిచూడవలెను, ధ్రువపత్రాలు పరిశీలించవలెను. ప్రయివేటు సంస్థలలో ఆ పోస్టుకు జీతం మంజూరు కావలసియుండవచ్చును, సంతకం చేయవలసిన అధికారి సెలవులో ఉండవచ్చును. ఒక్కొక్కప్పుడు మొదటి స్థానంలో ఉన్నవారికి కబురు పంపి, వారు ఔనో కాదో చెప్పే వరకు రెండవ స్థానంలో ఉన్నవారికి ఏ మాటా చెప్పకుండ ఆపి ఉంచుతారు. కొన్నిమార్లు ఆ ఖాళీనే నిలిపివేస్తారు. అప్పుడు ఎంపికైనవారు ఎవరూ ఉండరు. వీటిలో ఏ ఒక్కటీ మీ విలువను గూర్చి చెప్పిన తీర్పు కాదు.

ఇంకొక మాట. ఇంటర్వ్యూలో ఒక ప్రశ్నకు జవాబు తడబడినదని నెలల తరబడి దానినే తలచుకొని, గుడ్డుకు ఈకలు పీకినట్లు ప్రతి పలుకును పరీక్షించుకొనే పిల్లలున్నారు. ఇంటర్వ్యూ బరువెంతో లెక్క చూడండి. సివిల్ సర్వీసుల తుది ర్యాంకు మొత్తం 2025 మార్కులకు నిర్ణయిస్తారు. అందులో వ్రాతపరీక్షకు 1750, ఇంటర్వ్యూకు 275. పలు ప్రభుత్వరంగ బ్యాంకుల ప్రొబేషనరీ ఆఫీసర్ల ఎంపికలో మెయిన్స్ పరీక్షకు 80 పాళ్ళు, ఇంటర్వ్యూకు 20 పాళ్ళు. ఆ 20 పాళ్ళలో ఒక ప్రశ్న వాటా ఎంత? నేను కూర్చున్న మండలులలో, తెలియని ప్రశ్నకు తెలియదని మర్యాదగా చెప్పినవారిని ఆ కారణం చేతనే త్రోసివేయడం నేను చూడలేదు. మీరు రాత్రులు మేల్కొని తలచుకొనే ఆ ప్రశ్న, అడిగిన సభ్యునికి సాయంకాలానికే గుర్తుండదు.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ ఏ కార్యం సిద్ధించుటకైనా ఐదు కారణాలను చెప్పినాడు. అవి అధిష్ఠానం, కర్త, కరణాలు, వివిధ చేష్టలు, ఐదవది దైవం. కర్త ఐదింటిలో ఒకడు మాత్రమే. గెలిచినప్పుడు అంతా నా ప్రతిభయే అనుకొనేవాడు మిగిలిన నాలుగింటిని మరచినాడు. ఓడినప్పుడు అంతా నా లోపమే అనుకొనేవాడు కూడ ఆ నాలుగింటినే మరచినాడు. మొదటిది అహంకారమని మనకు తెలుసు. రెండవది కూడ అహంకారానికి మరొక ముఖమే అని గ్రహించవలెను. ఇంటర్వ్యూ గది నుండి బయటకు వచ్చిన క్షణంలో ఆ ఉద్యోగం విషయమై కర్త చేయవలసినది దాదాపు ముగిసినది. ఆ మిగిలిన భాగాన్ని మోయడానికి ప్రయత్నించకుండడమే శరణాగతి. చేతులు ముడుచుకొని కూర్చొనడం శరణాగతి కాదు. ఆ భారం దింపిన చేతులు ఇప్పుడు మరొక పనికి ఖాళీ అయినవి.

ఆ పనులేవి? వెదకని తోటలు ఏవి? యువకులకు ఆచరణలో కొన్ని చెబుతాను.

ఇంటర్వ్యూ నుండి వచ్చిన సాయంకాలమే, మరపు రాకముందే, అడిగిన ప్రశ్నలన్నీ ఒక పుస్తకంలో వ్రాసుకొనండి. వ్రాసి మూసివేయండి. అది తరువాతి ఇంటర్వ్యూకు పాఠ్యగ్రంథం. తలలో తిరిగే ప్రశ్న నిద్ర చెడగొడుతుంది, కాగితం మీదకు దిగిన ప్రశ్న పనికి వస్తుంది.

సెలవు తీసుకొనే ముందు, ఫలితం ఎప్పటికి తెలియవచ్చునని మర్యాదగా అడగండి. అది తప్పు కాదు. వారు చెప్పిన గడువు దాటితే, నాలుగు రోజులు ఆగి ఒక చిన్న ఉత్తరం వ్రాయండి. ప్రతిదినం వ్రాయవద్దు. ఒకటి, కొంతకాలానికి మరొకటి, అంతే. ప్రభుత్వ నియామకమైతే అధికారిక వెబ్‌సైట్‌ను రోజుకొకమారు ఒక నిర్ణీత వేళలో చూచి మూసివేయండి. గంట గంటకు చూచినందువలన ఫలితం ముందుగా రాదు.

ఇల్లు అలకగానే పండుగ కాదని మన పెద్దలు అన్నారు. ఇంటర్వ్యూ బాగుగా జరిగినదని ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వవద్దు. నియామక పత్రం వ్రాతపూర్వకంగా చేతికి వచ్చిన తరువాతనే ఆ మాట. అంతవరకు వేరొక చోటికి దరఖాస్తు చేయడం ఆపవద్దు. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం, నాలుగు దిక్కులకూ సుగ్రీవుడు వానరులను పంపినాడు. సీత దొరకినది ఒక్క దిక్కున. పంపినది మాత్రం నాలుగు దిక్కులకు.

ఈ ఎదురుచూపు కాలాన్నే కనిపెట్టుకొని ఉండే మోసగాళ్ళున్నారు. ఫలానా చోట నాకు తెలిసినవారున్నారు, ఇంత ఇస్తే మీవాని పేరు జాబితాలో చేరుతుంది అంటారు. శిక్షణ రుసుమనో, డిపాజిట్ అనో పేరు పెట్టి అడుగుతారు. తల్లులారా, మెడలోని బంగారం తాకట్టు పెట్టి ఇట్టివారి చేతిలో పోయకండి. నిజాయితీ గల సంస్థ ఉద్యోగం ఇచ్చుటకు అభ్యర్థి వద్ద సొమ్ము అడుగదు. అడిగినదంటే అక్కడనే ఆగిపొండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. బిడ్డ ఇంటికి రాగానే ఫోను వచ్చిందా అని అడగడం ప్రేమతోనే. కాని రోజుకు మూడుమార్లు అడిగిన ప్రేమ బిడ్డకు విచారణవలె వినబడుతుంది. జవాబు వస్తే మీకు చెప్పకుండా ఉంటాడా? అడగవలసివస్తే భోజనం చేశావా నాయనా, ఈరోజు ఏమి చదివావమ్మా అని అడగండి. ఎదురింటివారి అబ్బాయికి వచ్చిన జీతం లెక్క భోజనాల వేళ చెప్పకండి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్లు, ఉత్తర్వు రాకముందే బంధువులందరికీ చాటకండి. మీరు చాటిన ప్రతి ఇంటికి రేపు బిడ్డ సమాధానం చెప్పుకోవలసివస్తుంది. ఆ భారం ఫలితపు భారం కంటె పెద్దది.

ఇక మిక్కిలి ముఖ్యమైన మాట. ఈ సభలో ఉన్న ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ, ప్రతి యువకుడూ వినవలెను. కిష్కింధాకాండలో దక్షిణ దిక్కుకు వెళ్ళిన వానరులకు సుగ్రీవుడు నెల గడువు ఇచ్చినాడు. స్వయంప్రభ గుహలో ఉండగా ఆ గడువు దాటిపోయినది. సముద్రతీరానికి వచ్చిన తరువాత అంగదుడు కుప్పకూలినాడు. ఉత్తచేతులతో వెళితే రాజు శిక్షిస్తాడు, ఇక్కడనే నిరాహారినై ప్రాణం విడుస్తానని దర్భలపై కూర్చున్నాడు. వానరులందరూ ఆయన చుట్టూ కూర్చున్నారు. వారి దృష్టిలో కథ ముగిసినది.

అదే కొండమీద సంపాతి ఉన్నాడు. సీత ఎచ్చట ఉన్నదో తెలిసినవాడు ఆయన. వారు మరణించుటకు కూర్చున్న చోటికి కూతవేటు దూరంలోనే వారి ప్రశ్నకు జవాబు ఉన్నది. వారికి తెలియదు. ఆ సంపాతి కథ కూడ గమనించండి. రెక్కలు కాలిపోయి పడియున్న ఆ పక్షికి కూడ చనిపోవలెననే తలపు కలుగుతూ వచ్చినది. రామదూతలు వస్తారు, అప్పుడు నీకు రెక్కలు మొలుస్తాయి అని నిశాకర మహర్షి చెప్పిన మాటను తలచుకొని, ఆ తలపును త్రిప్పికొడుతూ దీర్ఘకాలం వేచియున్నాడు. ఆయన ఆ మాట నమ్మి బ్రతికియుండకపోతే వానరులకు సీత జాడ చెప్పేవారెవరు?

కావున నాయనలారా, అమ్మలారా, జవాబు రాలేదనో, వ్యతిరేకంగా వచ్చినదనో బ్రతుకే వద్దనే తలపు వస్తే, అది సత్యం కాదు. అది అలసిన మనస్సు కట్టిన మేడ. ఆ క్షణాన ఒంటరిగా ఉండకండి. అమ్మకు చెప్పండి, మిత్రునికి చెప్పండి. ఇంటిలో చెప్పుకోలేకపోతే, కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ అనే ఉచిత సహాయ కేంద్రానికి 14416 అనే నంబరుకు ఫోను చేయండి. పగలైనా రాత్రియైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడుతారు. అంగదునికి సంపాతి స్వరం వినబడినట్లు, మనకూ ఒక స్వరం వినబడవలెను. ఇంటిలో బిడ్డ భోజనం మానినా, గది తలుపు వేసుకొని బయటకు రాకున్నా, తనకు ప్రియమైన వస్తువులు ఇతరులకు ఇచ్చివేస్తున్నా, పెద్దలు దానిని అలుక అని తీసిపారవేయవద్దు. ప్రక్కన కూర్చొని మెల్లగా అడగండి.

చివరగా, భక్తులలో కొందరికి నచ్చకపోవచ్చును గాని, చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. పారాయణ చేసినవారందరికీ కోరిన ఉద్యోగం వస్తుందని నేను చెప్పలేను. ఒకే ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చిన ఇద్దరు ఒకే ఆలయంలో, ఒకే శనివారం అర్చన చేయించుకొంటారు. ఇద్దరి తల్లులూ ఉపవాసం ఉంటారు. ఉద్యోగం ఒక్కటే. మరి స్వామి ఎవరి మొర వినలేదని అందాం? ఇంతటి భక్తికి ఇంత వెల అని బేరం కుదుర్చుకొంటే, ఉద్యోగం రాని ఇంటిలో ఉద్యోగంతో పాటు దేవుడు కూడ పోతాడు. అట్టి నష్టం ఏ ఇంటికీ కలుగకూడదు.

అయితే స్వామి ఇద్దరికీ ఇచ్చేది ఒకటున్నది. అది పదమూడవ సర్గలో హనుమంతునికి లభించినది. ఊహల చీకటిలో కన్నెత్తి చూచే శక్తి, ఇంకా వెదకని తోట కనబడే చూపు, అటు ఒక్క అడుగు వేసే బలం. ఎంపికైనవానికి అది కావలెను, ఏలయన ఉద్యోగంలో చేరిన తరువాత వేచియుండవలసిన ఫలితాలు ఇంకా అనేకం వస్తాయి. ఎంపిక కానివానికి అది మరింత కావలెను. కనుక ఈసారి సంకల్పం చెప్పించుకొనేటప్పుడు ఉద్యోగప్రాప్తితో పాటు ధైర్యసిద్ధిని కూడ కోరుకొనండి. నేను అర్చకస్వామిని అడిగినాను. చెప్పుటకు అభ్యంతరం లేదన్నారు.

 జవాబు కొరకు వేచియున్న ప్రతి బిడ్డకూ ఈ రాత్రి కంటినిండ నిద్ర కలుగునట్లు స్వామి అనుగ్రహించుగాక.

స్వస్తి.